పక్కింట్ల అడుగుండ్రి

రోజు విడిచి రోజు మా గేటు ముందు నీళ్ల ట్యాంకరు ఆగుతుంది. మా వీధి సన్నం. పక్కింటి సంపులోకి గొట్టం దించాలంటే ట్యాంకరు ముందు చక్రాలు వాళ్ల గేటు దగ్గర, వెనక చక్రాలు మా గేటు దగ్గర ఉండాలి. ఇంకో దారి లేదు. నీళ్లు దించినంతసేపూ నేను కారు బయటికి తీయలేను. ప్రహరీకి మా వైపు ఒక కొక్కెం ఉంది. దానికి నల్ల పైపు చుట్ట వేలాడుతూ ఉంటుంది. ఆ పైపులో నీళ్లు పారితే ట్యాంకరు అవసరమే లేదు. మా బోరులో నీళ్లున్నాయి. ఎల్బీనగర్‌కూ కొత్తపేటకూ మధ్యనున్న మా కాలనీలో నడి వేసవిలోనూ నీళ్లిచ్చే బోర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో మాదొకటి.

చదువుకునే రోజుల నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. అందులో పెద్ద విషయాలేమీ ఉండవు. వాన పడిందా, కరెంటు పోయిందా, ఎవరొచ్చారు, ఏం వండారు. ఈ మధ్య 'ట్యాంకరు వచ్చింది' అన్న మాట తరచు రాయాల్సి వస్తోంది. రాసిన ప్రతిసారీ ఒళ్లు మండుతోంది. ఎందుకు మండుతోందో ఒకచోట వివరంగా రాసుకుంటే కాస్త తగ్గుతుందేమోనని ఇది మొదలుపెట్టాను.

నేను గుంటూరు వైపు వాణ్ని. ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి ఇక్కడే రిటైరయ్యాను. పక్కింటాయనది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. సర్కారు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇద్దరం ఒకే వెంచరులో పక్కపక్కన ప్లాట్లు కొని, ఒకే వేసవిలో పునాదులు తీశాం. ఆయన ప్లాటు వెనకవైపు కాస్త కురచ. మెట్లు పెడితే గది పోతుంది, గది కడితే మెట్లకు చోటు లేదు. నేను నా గోడను ఒక మూర లోపలికి జరిపించాను. మా ఆవిడ అప్పుడే అంది.

"మూర స్థలం ఊరికే ఎవరైనా వదులుతారా?"

"వాళ్లింటికి మెట్లు రావాలి కదా."

"వాళ్లింటికి మెట్లొస్తాయి. మనింటికేమొస్తుంది?"

వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నన్ను 'అన్నా' అన్నాడు. ఆయన భార్య మా ఆవిడను 'అక్కా' అంది. తరవాత వాళ్లకు పుట్టిన కొడుకు మాటలు వస్తూనే నన్ను 'పెద్దనాయనా' అన్నాడు. మా వైపు ఆ మాట వేరేగా ఉంటుంది. మొదట్లో కొత్తగా అనిపించింది. రానురాను చెవికి అదే బాగుండింది.

కొన్నేళ్లకు వాళ్ల బోరు ఎండిపోయింది. ఇంకోటి వేయిస్తే అందులోనూ దుమ్మే లేచింది. మా బోరు నుంచి గోడ మీదుగా నేనే పైపు వేయించాను. పొద్దున మా ట్యాంకు నిండాక మోటరు ఆపకుండా వాల్వు తిప్పితే నీళ్లు అటు వెళ్లేవి. కరెంటు బిల్లులో వాటా ఇస్తానంటే వద్దన్నాను. ఆయన ఊరుకోలేదు. ఊరి నుంచి కందులొచ్చినా సీతాఫలాలొచ్చినా సగం మా ఇంటికే. పొద్దున ఇద్దరం కలిసే పార్కుకు నడక. నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానాలు గింగిర్లు కొడుతూ వస్తే ఆయన తలెత్తి చూసి ఒకటే మాట అనేవాడు.

"నేర్చుకునే పోరగాండ్లు. బ్రేకు యాడుంటదో తెలుసో తెల్వదో."

నిజం చెప్పడం నాకు గొప్ప కాదు, ఒక అలవాటు. పొద్దున్నే లేవడం లాంటిది. దాని వల్ల చిన్న చిన్న నష్టాలు ఎప్పుడూ ఉన్నాయి. ఒకసారి ఇంటిపన్ను కొలతలకు మనిషొచ్చి, మా పై గది చూసి "ఇది ఏంటి సార్, స్టోర్ రూమా?" అని తనే ఒక దారి చూపించాడు. "కాదు, కిరాయికి ఇచ్చాం" అన్నాను. అప్పుడతను వీధిలో మిగతా స్టోర్ రూముల మీదికీ వెళ్లాడు. చాలా ఇళ్ల స్టోర్ రూముల్లో మంచాలూ గ్యాసు పొయ్యిలూ కనిపించాయి. వీధి వీధంతా నా మీద కోపంగా ఉంటే పక్కింటాయన ఒక్కడే నవ్వాడు.

"మా అన్న నోట్లె అబద్ధం పెడితే పండ్లు ఊడిపోతయ్. ఆయనను ఏం అనకుండ్రి."

ఆ మాట కాలనీలో నిలిచిపోయింది. నేనూ దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

పక్కింటి అబ్బాయికి ఫిట్స్ వచ్చేవి. మొదటిసారి ఇంటర్ చదివేటప్పుడు, మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తూ మా గేటు ముందే పడిపోయాడు. తండ్రి డ్యూటీలో ఉన్నాడు, బస్సు ఏ ఊళ్లో ఉందో తెలియదు. తల్లి ఏడుస్తూ నిలబడిపోయింది. నేనే కార్లో వేసుకుని మెయిన్ రోడ్డు మీది దవాఖానకు తీసుకెళ్లాను. ఆ తరవాత పరీక్షలకూ డాక్టరు దగ్గరికీ చాలాసార్లు వాడితో వెళ్లింది నేనే. తండ్రి సెలవు పెడితే జీతం కోత. నేను అప్పటికే రిటైరయ్యాను. మందులు పడ్డాక ఫిట్స్ ఆగిపోయాయి. ఏళ్లు గడిచినా మళ్లీ రాలేదు. డాక్టరు నా ఎదురుగానే చెప్పాడు: మాత్రలు మానకు, నిద్ర చెడగొట్టుకోకు, బండి నడపకు, మిగతా అందరిలాగే బతుకు. వాడు అలాగే బతికాడు. ఎమ్మెస్సీ చేసి చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తున్నాడు. పిల్లలకు వాడంటే ఇష్టం. రోజూ మెట్రోలో వెళ్లి మెట్రోలో వస్తాడు.

జబ్బు సంగతి ఎవరికీ చెప్పొద్దని వాళ్లు నన్ను ఎప్పుడూ అడగలేదు. ఒట్టు వేయించుకోలేదు. నేనూ ఎవరితో అనలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి.

వాడికి సంబంధాలు చూడటం మొదలైంది. మా వైపైనా వాళ్ల వైపైనా ఒక పద్ధతుంది. పిల్లను ఇచ్చేవాళ్లు చెప్పకుండా ఒకరోజు వచ్చి, అబ్బాయి ఇంటి చుట్టుపక్కల అడిగిపోతారు. కిరాణా కొట్లో అడుగుతారు, ఇస్త్రీ బండి దగ్గర అడుగుతారు, పక్కింట్లో అడుగుతారు. తాగుతాడా, తిరుగుతాడా, తల్లి నోరు ఎలాంటిది. అడిగేవాళ్లకు తెలుసు, చెప్పేవాళ్లు సగం దాస్తారని. చెప్పేవాళ్లకు తెలుసు, వినేవాళ్లు సగమే నమ్ముతారని. అలా ఇరుపక్కలా సగం సగం తీసేసుకుని పెళ్లిళ్లు జరిగిపోతుంటాయి.

ఒక ఆదివారం పొద్దున అలా ఇద్దరు మా ఇంటికొచ్చారు. పిల్ల తండ్రి, మేనమామ. కూర్చున్నాక మేనమామ అన్నాడు.

"మేం ఊరికే రాలే సార్. పిల్లగాని తండ్రే చెప్పిండు. యాడనన్న అడుగుండ్రి, కాని పక్కింట్ల అడుగుండ్రి, ఆయన అబద్ధమాడడు అన్నడు."

నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది కాబట్టి రాస్తున్నాను. మా ఆవిడ టీ ఇచ్చి లోపలికెళ్లింది. తాగడు, సిగరెట్ కాల్చడు, జీతం తెచ్చి తల్లి చేతిలో పెడతాడు అని చెప్పాను. అన్నీ నిజాలే. తండ్రి తల ఊపుతున్నాడు. మేనమామ మాత్రం గ్లాసు చేతిలో తిప్పుతూ ఇంటి ముందు వైపే చూస్తున్నాడు.

"సార్, ఒక్క ముచ్చట. ఇప్పటి పోరగాండ్లు అన్నం లేకుంట ఉంటరు గని బండి లేకుంట ఉండరు. ఈయనకు బండేది?"

"మెట్రోలో వెళ్తాడండీ. స్టేషను దగ్గరే కదా."

"ఉద్యోగానికి మెట్రో సరే. పాల ప్యాకెట్కు గూడ మెట్రోల పోతడా?"

పిల్ల తండ్రి నవ్వాడు. మేనమామ నవ్వలేదు.

"బండి నడపరాదా, నడపొద్దన్నరా?"

ఆయన పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషి. పశువును కొనేముందు పళ్లు చూసే మనిషి అని అప్పుడే అర్థమైంది. నేను అన్నాను, "ఆ సంగతి వాళ్లనే అడగండి."

"అడిగితే మిమ్ములనే అడగమన్నరు గద సార్."

నా చూపు గేటు వైపు పోయింది. ఆ చూపులోనే సగం చెప్పేసినట్టయింది. పిల్ల తండ్రి మొహంలో నవ్వు పోయింది. గ్లాసు కింద పెట్టి ముందుకు వంగాడు.

"సార్, మీకూ ఆడపిల్ల ఉన్నదట. ఇచ్చిర్రు గద. మీరు గూడ ఒకరి ఇంట్ల కూసోని ఇట్లనే అడిగి ఉంటరు. ఆ ఒకరు మీకు అబద్ధం చెప్తే?"

చెప్పాను. మొత్తం చెప్పాను. సగం చెప్తే ఊహించుకుని భయపడతారు, పూర్తిగా చెప్తే డాక్టరు మాట కూడా చేరుతుంది, ధైర్యం వస్తుంది అనుకున్నాను. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది, ఏ మందు, డాక్టరు ఏమన్నాడు. వంటింట్లో గిన్నె గట్టిగా కింద పెట్టిన చప్పుడైంది. అది చేజారిన చప్పుడు కాదు, నాకు చెప్పిన మాట.

వాళ్లు దండం పెట్టి వెళ్లారు. "మంచి మాట చెప్పిర్రు సార్, మీ అసొంటోళ్లు ఉండాలె" అన్నాడు మేనమామ. తరవాత ఆయన నాకు ఫోను చేసింది లేదు, ఎక్కడా కనబడిందీ లేదు.

సాయంత్రానికి సంబంధం తప్పిపోయింది. 'అబ్బాయికి ఫిట్సట కదా, పక్కింటాయనే చెప్పిండు' అని వాళ్లు ఫోనులో నేరుగా అన్నారట. పక్కింటాయన మా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఏందన్నా గిది?"

"అడిగారు. చెప్పాను."

"అడుగుతరు. అడిగేతందుకే ఒచ్చిర్రు. అడిగినోళ్లకల్ల చెప్తరా?"

"నువ్వే కదయ్యా పంపింది. అబద్ధమాడడు, ఆయన్నే అడగండి అని."

"అవ్, నేనే పంపిన. ఎందుకు పంపిన? నువ్వు చెప్తే నమ్ముతరని పంపిన. ఊళ్లె అందరు చెప్పే అబద్ధం అబద్ధం లెక్క ఉంటది. నువ్వు చెప్తే నిజం లెక్క ఉంటదని పంపిన."

జన్మలో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పనివాణ్ని, అందుకే నా అబద్ధానికి విలువెక్కువని ఆయన లెక్క. అది ముందుగా నాతో ఒక్క మాట అనాలని కూడా ఆయనకు తోచలేదు. అడగకుండానే గోడ జరిపినవాణ్ని, అడగకుండానే నీళ్లిచ్చినవాణ్ని. ఇదీ అడగకుండానే ఇస్తాననుకున్నాడు.

"రేపు పెళ్లయ్యాక తెలిస్తే?" అన్నాను.

"తెలిస్తే తెలుస్తది. అప్పటికి పిల్ల మా పిల్ల అయితది, మేం చూసుకుంటం. వెయ్యి అబద్ధాలాడి ఒక్క పెండ్లి చెయ్యమన్నరు. నిన్ను వెయ్యి అడిగిన్నా? ఒక్కటి."

"వాడు నా చేతుల మీద పెరిగాడు. వాడికి చెడు జరగాలని..."

"నీళ్లిచ్చినవ్. గిన్నేండ్లు ఇచ్చినవ్. ఒక్క మాట ఇయ్యలేకపోయినవ్."

అది అని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున నేను వాల్వు తిప్పడానికి వెళ్లేసరికి గోడ మీద పైపు లేదు. అటువైపు నుంచి విప్పి, శుభ్రంగా చుట్ట చుట్టి, మా కొక్కేనికి తగిలించి ఉంది. మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది.

అప్పటి నుంచి మా ఇంట్లో జరిగింది చెప్పాలంటే కష్టం. బతుకమ్మకు పక్కింటామెతో కలిసి పూలు పేర్చడం మా ఆవిడకు ఏటా అలవాటు. మా వైపు ఆ పండగ లేదు. ఆమె దగ్గరే నేర్చుకుంది. తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయో ఇద్దరికే తెలిసినట్టు పొద్దున్నే ఆటోలో వెళ్లేవాళ్లు. ఆ ఏడు పిలుపు రాలేదు. సాయంత్రం వీధిలో పాటలు వినిపిస్తుంటే తను కిటికీ తలుపు మూసేసింది.

"మీ నిజాయితీ మీరు చూసుకోండి. నన్నెందుకు కలిపారు అందులో?"

"నేనేం చేయాలంటావు? అబద్ధం చెప్పాలా?"

"నాకు తెలియదండీ. తలుపు తీయకుండా ఉండాల్సింది. ఊళ్లో లేమనాల్సింది. కడుపునొప్పి అనాల్సింది. లోకంలో అందరికీ తెలిసిన ఉపాయాలే మీకు ఒక్కటీ తెలియవు."

పార్కులో నడిచేవాళ్లు నన్ను చూసి మాట మార్చడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒకాయన చంపాపేటలో మనవరాలి పెళ్లి పెట్టుకున్నాడు, నాకు కార్డు ఇస్తూ అన్నాడు, "పెళ్లికి రండి సార్, కాని ముందే ఎవరన్నా వస్తే మాత్రం మా ఇల్లెక్కడో మీకు తెలియదని చెప్పండి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. వీళ్లే కదా, కాలనీ సంఘం లెక్కలు చూడాలన్నా, ఇద్దరి మధ్య తగువు తీర్చాలన్నా 'ఆయన్ను పిలవండి, ఉన్నది ఉన్నట్టు చెప్తాడు' అన్నవాళ్లు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఎదుటివాడి విషయంలో అందరికీ కావాలి. తన విషయంలో ఎవరికీ వద్దు. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు ఇంత వయసు పట్టింది.

నాకు ఎక్కువ కష్టం కలిగించింది మాత్రం ఇవేవీ కావు. అబ్బాయి.

వాడు చాలా రోజులు కనబడలేదు. ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లజోడు బాగుచేయించుకుని మెట్రో ఎక్కితే, చైతన్యపురిలో వాడూ అదే పెట్టెలోకి వచ్చాడు. నన్ను చూసి పక్కకు తప్పుకుంటాడనుకున్నాను. వచ్చి పక్కనే నిలబడ్డాడు.

"మంచిగున్నరా పెద్దనాయనా? పెద్దమ్మ ఎట్లున్నది?"

పిలుపు మారలేదు. ఉన్నామన్నాను. ఎల్బీనగర్‌లో దిగి ఇంటి వైపు నడుస్తుంటే నేనే ఎత్తాను.

"ఒరే, నేను కావాలని చేసింది కాదురా."

"నాకెరుకే. మా బాపు లెక్క నాకు కోపం లేదు."

కొంత దూరం నడిచాక నెమ్మదిగా అన్నాడు.

"ఒక్క ముచ్చట చెప్తా, ఏమనుకోకుండ్రి. ఆ పిల్లతోటి నేను మాట్లాడేది ఉండె. ఆ ఆదివారం కాదు, పై ఆదివారం. ఇద్దరం కలిసి మాట్లాడుకోమని పెద్దోళ్లే చెప్పిర్రు. నేనే చెప్దామనుకున్న. బాపుకు, అమ్మకు తెల్వదు. ఎట్ల చెప్పాలె, ఎక్కడ మొదలుపెట్టాలె అని ఇంట్ల అద్దం ముందల నిలవడి ప్రాక్టీస్ చేసిన, పిల్లలకు పాఠం చెప్పేముందు చేసినట్టు. నా నోటి నుంచి పోతే అది నా మాట అయితుండె. మీ నోటి నుంచి పోతే అది దాసిపెట్టిన ముచ్చట అయింది."

"నాకేం తెలుసురా? మీ నాన్న చెప్పడు, నువ్వు చెప్పవు. వాళ్లొచ్చి ఎదురుగా కూర్చుని నా కూతురి పేరు తీశారు."

"అబద్ధం చెప్పమంటలే పెద్దనాయనా. ఆ ముచ్చట పిల్లగాన్నే అడుగుండ్రి అంటే అయిపోతుండె."

"వాళ్లనే అడగండి అన్నాన్రా."

"వాళ్లను అంటే మా బాపును అనుకున్నరు. నన్నే అడగమంటే..."

వాక్యం పూర్తి చేయలేదు. అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. లెక్కలో ఒక మెట్టు ఎక్కడ తప్పిందో చూపించే పంతులు గొంతు. ఆ రోజంతా నాకు చిరాకే. వాడి మీద కాదు. తండ్రి తన ఆలోచన తనలో పెట్టుకున్నాడు, కొడుకు తన ఆలోచన తనలో పెట్టుకున్నాడు. ఇద్దరూ నోరు విప్పకుండా ఉండి, విప్పిన నన్ను తప్పుబట్టారు. గోడకు అవతల మూడు తలకాయల్లో ఏముందో తెలుసుకుని మాట్లాడటానికి నేను దేవుణ్నా? ఆ సాయంత్రం ఇదంతా మా ఆవిడకు చెప్తే, "వాడు చెప్పింది మాత్రం నిజమేనండీ" అని ఊరుకుంది.

నిజమే కావచ్చు. కానీ ఇప్పటికీ ఆ ఇద్దరు మనుషులు నా ముందు కూర్చుని అలా అడిగితే, ఆ నిమిషంలో నా నోటికి వాడన్న మాట తడుతుందా అంటే చెప్పలేను.

తరవాతి సంబంధం మిర్యాలగూడ వైపుది. ఈసారి వాడు పెళ్లిచూపుల్లోనే అందరి ఎదుట చెప్పేశాడట. వాడి తల్లి కొంగు నోట్లో కుక్కుకుందట. తండ్రి లేచి బయటికెళ్లాడట. పిల్ల మాత్రం "మాత్రలు ఎన్ని పూటలు?" అని అడిగిందట. ఈ సంగతులు ఆ పిల్ల తల్లే మా ఇంట్లో కూర్చుని చెప్పింది. అవును, మళ్లీ మా ఇంటికే వచ్చారు. ఈసారి తల్లీ కూతురూ. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, టీ పెట్టడానికి వెళ్లకుండా నా పక్కనే కూర్చుంది.

"మమ్ములను పిల్లగాని తండ్రి పంపలేదు, పిల్లగాడు పంపలేదు" అంది ఆమె. "మేమే కొట్టు కాడ అడిగి ఒచ్చినం. ఎనుకటి సంబంధం చెడగొట్టింది మీరే అన్నరు."

"చెడగొట్టలేదమ్మా" అంది మా ఆవిడ.

"నేను మంచికే అంటున్న అక్కా. ఊరంత మంచోడు మంచోడు అంటున్నరు. మంచోడు అనేటోళ్లతోటి నాకేం పని? పిల్లగాడు తన ముచ్చట తాను చెప్పిండు. ఇంక ఏమన్న మిగిలిందా, అది చెప్పేటోళ్లు కావాలె నాకు."

నేను ఆ అమ్మాయి వైపు తిరిగి అడిగాను, వాడు ఏమేం చెప్పాడని. మొదటిసారి పడింది మా గేటు ముందని, తీసుకెళ్లింది నేనని, మందు పేరు, డాక్టరు మాట, బండి సంగతి, అన్నీ వరసగా చెప్పింది. నేను చెప్పినా అదే వరసలో చెప్పేవాణ్ని.

"అంతేనమ్మా" అన్నాను.

"ఇంకేం లేదా?" అంది తల్లి.

"ఇంకేం లేదు. కోపం వస్తే మాట్లాడడు, రెండు రోజులు. మీ అమ్మాయి దానికి అలవాటు పడాలి."

అమ్మాయి నవ్వింది. మా ఆవిడ అప్పుడు లేచి టీ పెట్టింది.

సంబంధం కుదిరింది. పక్కింట్లో సందడి మొదలైంది. నేను నోరు విప్పినందువల్ల ఒక పెళ్లి ఆగింది, నోరు విప్పినందువల్లే ఒక పెళ్లి జరుగుతోంది. ఇక గోడకు అవతలి నుంచి 'అన్నా' అన్న పిలుపు వస్తుందని రోజూ ఎదురుచూశాను. దాచడమెందుకు, పైపు చుట్టకు పట్టిన దుమ్ము కూడా కడిగి పెట్టుకున్నాను.

ఒక సాయంత్రం భార్యాభర్తలిద్దరూ కార్డు ఇవ్వడానికి వచ్చారు. కొత్త బట్టలు, చేతిలో కుంకుమ భరిణ. ఆమె మా ఆవిడకు బొట్టు పెట్టి "అక్కా, నువ్వు లేకుంటే నాకు కాళ్లు చేతులు ఆడవు, ముందు రోజే రావాలె" అని కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ లోపలికెళ్లి మాటల్లో పడ్డారు. ఆయన నిలబడే నాకు కార్డు అందించాడు.

"సార్, మీరు తప్పకుంట రావాలె."

నాకు సరిగా వినిపించిందో లేదో అనుకున్నాను. కూర్చోమన్నాను.

"లేదు సార్, ఇంక శాన ఇండ్లు తిరిగేది ఉన్నది."

"పెళ్లిల్లు. చుట్టాలొస్తారు. నీళ్లకు ఇబ్బంది పడొద్దు. పైపు ఉంది."

"వద్దు సార్, ట్యాంకర్లకు చెప్పినం."

మర్యాదలో ఏ లోటూ లేదు. బస్సు ఆపి ఆఫీసర్‌ను ఎక్కించుకునేటప్పుడు డ్రైవరు ఇచ్చే మర్యాద అది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ని. 'సార్' అంటే ఏమని తిడతాం?

పెళ్లికి రెండు రోజుల ముందు పక్కిల్లు చుట్టాలతో కిక్కిరిసింది. మధ్యాహ్నానికి సంపు అడుగంటింది. చెప్పిన ట్యాంకరు రాలేదు. ఫోను చేస్తే, వస్తున్నా వస్తున్నా అంటున్నాడు. స్నానాలకు నిలబడ్డ ఆడవాళ్ల గోల మా డాబా దాకా వినిపిస్తోంది. నేను అడగలేను, వాళ్లు అడగరు. డాబా మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. కాళ్లకు పసుపు, బుగ్గన చుక్కతో అబ్బాయి గోడ దగ్గరికొచ్చాడు. చెయ్యి చాచి కొక్కెం మీది చుట్ట అందుకుని విప్పాడు.

"పెద్దనాయనా, మోటరు ఎయ్యుండ్రి."

వేశాను. వాల్వు తిప్పాను. నీళ్లు వెళ్తున్న చప్పుడు పైపులో వినిపించింది. గోడకు అవతల తండ్రి వచ్చి నిలబడి చూశాడు. వద్దనలేదు. నా వైపు చూడలేదు. ఆ రెండు రోజులూ మోటరు ఆడుతూనే ఉంది. ఫంక్షన్ హాల్లో నేను అక్షింతలు వేశాను. కొత్తకోడలు వంగి కాళ్లకు దండం పెట్టింది. ఆయన అతిథులందరితో పాటు నాకూ నమస్కారం పెట్టాడు.

చుట్టాలు వెళ్లిపోయిన మర్నాడు పొద్దున వాల్వు దగ్గరికి వెళ్లాను. పైపు మళ్లీ కొక్కేనికి ఉంది. మట్టి లేకుండా తుడిచి, చక్కగా చుట్టి. గోడ మీద ఒక స్వీటు డబ్బా, పెళ్లిలో అందరికీ ఇచ్చిందే. ఆయన గేటు తీసుకుని బయటికి వెళ్తూ నన్ను చూసి ఆగాడు.

"శాన సాయం చేసిర్రు సార్."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. లోపలి నుంచి మా ఆవిడ, డబ్బాలో ఏముందని అడిగింది. లడ్డూలన్నాను. కాసేపటికి వీధి చివర ట్యాంకరు చప్పుడైంది. అది అడ్డం రాకముందే కారు బయటికి తీసి, అవతలి చెట్టు కింద పెట్టాను.